సిబిల్ స్కోరు పెరగాలంటే ఏ బిల్లులు, ఎప్పుడు, ఎలా చెల్లించాలి?

“కరెంటు బిల్లు, ఫోను బిల్లు ఒక్క నెల కూడా తప్పకుండా కడుతున్నాను. అయినా నా సిబిల్ స్కోరు ఎందుకు కదలడం లేదు?” అన్న ప్రశ్న ఏదో ఒక రూపంలో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. ఆ బిల్లుల్లో చాలావాటి సంగతి, మన అప్పుల చరిత్రను నమోదు చేసే కంపెనీ అయిన సిబిల్‌కు తెలియనే తెలియదన్నది దానికి సూటి సమాధానం. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, కార్డులు జారీ చేసే సంస్థలు తాము ఇచ్చిన అప్పుల గురించి పంపే వివరాల నుంచే, కొత్త అప్పు ఇచ్చే ముందు బ్యాంకులు చూసే ఈ స్కోరు తయారవుతుంది. కరెంటు బిల్లు, నీటి పన్ను, ఇంటి అద్దె, ప్రీపెయిడ్ రీచార్జి మామూలుగా ఆ దారిలోకి రావు. పోస్ట్‌పెయిడ్ ఫోను ఖాతాలు కొన్ని సందర్భాల్లో రిపోర్టులో కనిపించవచ్చు కాబట్టి, నంబరు మార్చుకున్నాం కదా అని పాత కనెక్షను బకాయిని వదిలేయడం మంచిది కాదు.

అలాగని ఇంటి బిల్లులు స్కోరుకు పనికిరావని కాదు. వాటిని అప్పు ఖాతా గుండా మళ్లించే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని ఆరో మెట్టులో వివరించాను. కానీ నేరుగా అక్కడికి వెళ్లవద్దు. ముందున్న అయిదు మెట్లు పూర్తి కాకుండా ఆ పని మొదలుపెడితే లాభం కంటే నష్టమే ఎక్కువ.

సిద్ధాంతం ఎంత అవసరమో అంతే చెబుతాను. మన దేశంలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ సమాచార కంపెనీలు 2005 నాటి చట్టం కింద, రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో పనిచేస్తున్నాయి. మన వాడుకలో నాలుగింటి స్కోరునూ “సిబిల్” అనే అంటున్నాం. సిబిల్ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది, 750 దాటితే చాలా బ్యాంకులు మంచి స్కోరుగా చూస్తాయి. అయితే ఇంత స్కోరు ఉంటేనే అప్పు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఏ అంకెనూ నిర్ణయించలేదు, అది బ్యాంకు బ్యాంకుకూ మారుతుంది. స్కోరు మీ సంపాదనను కొలవదు, మీ మనసులోని నిజాయితీనీ కొలవదు. గడువు తేదీ నాటికి డబ్బు చేరిందా లేదా అన్నదే అందులో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. అందువల్ల కింద చెప్పినదంతా శ్రద్ధ పెంచుకోవడం గురించి కాదు, మీరు మరిచిపోయినా డబ్బు తేదీకి చేరేలా ఏర్పాటు చేసుకోవడం గురించి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- పాన్ కార్డు, దానికి సరిపోయే పేరు, పుట్టిన తేదీ
- బ్యాంకు ఖాతాకూ, అప్పు ఖాతాలకూ ఇచ్చిన ఫోను నంబరు (పాత నంబరు ఇచ్చి ఉంటే ముందు దాన్ని మార్పించండి, లేకపోతే హెచ్చరిక సందేశాలు ఎవరికో వెళతాయి)
- నడుస్తున్న ప్రతి అప్పు ఖాతా నంబరు, ప్రతి కార్డుకు సంబంధించిన చివరి మూడు నెలల స్టేట్‌మెంట్లు
- గత ఆరు నెలల బ్యాంకు ఖాతా వివరాలు
- ఒక నోటు పుస్తకం లేదా ఫోనులో ఒక పట్టిక

మెట్టు 1: ఉచిత రిపోర్టు తెప్పించుకోండి

నాలుగు కంపెనీలలో ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒకసారి స్కోరుతో కూడిన పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. నాలుగింటినీ ఒకే రోజు తీసుకోవలసిన పని లేదు, మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాది పొడవునా పైసా ఖర్చు లేకుండా గమనించుకోవచ్చు. ఆయా కంపెనీల సొంత వెబ్‌సైట్లలోనే తీసుకోండి. దారిలో డబ్బు కట్టి చేరే పథకాలను చూపిస్తారు, ఉచిత రిపోర్టు లింకు వాటి కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉండవచ్చు కాబట్టి ఓపికగా వెతకండి.

మీ రిపోర్టును మీరే చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్న భయం నిరాధారం. మీరు అప్పు కోసం దరఖాస్తు పెట్టినప్పుడు బ్యాంకు తెప్పించుకునే రిపోర్టే ఎంక్వైరీగా నమోదవుతుంది.

రిపోర్టు చేతికి రాగానే అందరి చూపూ స్కోరు అంకె మీదకే పోతుంది. దాన్ని పక్కన పెట్టి ప్రతి ఖాతా కింద ఉండే నెలవారీ గళ్లను చూడండి. సిబిల్ రిపోర్టులో 36 నెలల వరకు చరిత్ర కనిపిస్తుంది. గడిలో 000 అని ఉంటే ఆ నెలకు బకాయి లేదని, 030 అని ఉంటే చెల్లింపు 30 రోజులు వెనుకబడిందని అర్థం. ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ అని ఉంటే ఆ నెల వివరాన్ని బ్యాంకు పంపలేదని తెలుసుకోవాలి, అది మీ తప్పు కాదు. 90 రోజులు దాటిన బకాయిని బ్యాంకు మొండి బాకీగా వర్గీకరిస్తుంది కాబట్టి ఆ గీత దాటిన ఖాతా ఏదైనా ఉంటే దాన్ని ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి.

మెట్టు 2: కొత్త క్రమశిక్షణ కంటే ముందు పాత బకాయి తీర్చండి

నాకు తెలిసినంతలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి ఈ మెట్టును కాస్త నిదానంగా చదవండి.

మీ ఈఎంఐ ప్రతి నెలా 5వ తేదీన 8,000 రూపాయలు అనుకుందాం. జనవరిలో ఖాతాలో డబ్బు లేక తప్పిపోయింది. ఫిబ్రవరి నుంచి ఒక్క నెల కూడా తప్పకుండా 8,000 కడుతూ వచ్చారు. జనవరి ఒక్కటే పొరపాటు, మిగతా పదకొండు నెలలూ సక్రమమే అని మీరు అనుకుంటారు. కానీ ఫిబ్రవరిలో మీరు కట్టిన డబ్బును బ్యాంకు ముందుగా జనవరి బకాయికి జమ చేసుకుంటుంది, ఫిబ్రవరి వాయిదా మిగిలిపోతుంది, మార్చిలో కట్టింది ఫిబ్రవరికి పోతుంది. ఇలా డిసెంబరు దాకా మీరు ఒక వాయిదా వెనుకబడే ఉంటారు, రిపోర్టులోని ప్రతి గడిలోనూ సుమారు ముప్పై రోజుల ఆలస్యం కనిపిస్తూనే ఉంటుంది. జనవరిలో జరిగిన ఒక్క తప్పు పన్నెండు తప్పుల్లా తయారవుతుంది.

కాబట్టి ప్రతి అప్పు ఖాతాకూ “ఈ రోజు వరకు ఓవర్‌డ్యూ ఎంత?” అని (ఓవర్‌డ్యూ అంటే గడువు దాటిన బకాయి) బ్యాంకును అడిగి ఖాతా వివరాలు కాగితం మీద తీసుకోండి. తప్పిన వాయిదాతో పాటు ఆలస్య రుసుము, ఆటో డెబిట్ (ఖాతా నుంచి వాయిదా తనంతట తానే పోయే ఏర్పాటు) డబ్బు లేక తిరిగొచ్చినందుకు వేసిన చార్జీలు కూడా అందులో ఉంటాయి. చార్జీ అన్యాయమనిపిస్తే విడిగా ఫిర్యాదు చేయండి, కానీ వాయిదా సొమ్మును ఆ గొడవతో ముడిపెట్టి ఆపవద్దు. ఒకేసారి తీర్చే స్తోమత లేకపోతే ఒకటికి బదులు ఒకటింపావు వాయిదా చొప్పున కట్టినా నాలుగు నెలల్లో వెనుకబాటు పూర్తవుతుంది.

మొండి బాకీ విషయంలో వసూలు ఏజెంట్లు “సగం కట్టండి, సెటిల్ చేస్తాం” అంటారు. సగంతో పోతుందంటే ఎవరికైనా ఆశగానే ఉంటుంది, కానీ ఆ ఖాతా రిపోర్టులో “సెటిల్డ్” అని నమోదవుతుంది. పూర్తిగా తీర్చినప్పుడు వచ్చే “క్లోజ్డ్”కూ దీనికీ చాలా తేడా ఉంది, బ్యాంకు పూర్తి సొమ్ము రాబట్టుకోలేకపోయిందనే దాన్ని చదువుకుంటారు. కట్టగలిగితే పూర్తిగా కట్టి, బకాయి ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ పత్రం తీసుకోండి. అసలు కట్టలేని పరిస్థితే ఉంటే సెటిల్మెంటు తప్పు కాదు, దాని ఫలితం తెలిసి ఒప్పుకోండి.

మెట్టు 3: లెక్కలోకి వచ్చే చెల్లింపుల పట్టిక రాయండి

పట్టికలో సంస్థ పేరు, స్టేట్‌మెంటు తేదీ, గడువు తేదీ, మొత్తం, ఏ ఖాతా నుంచి పోతుంది అనే అయిదు గడులు చాలు. ఇంటి రుణం, వాహన రుణం, వ్యక్తిగత రుణం, విద్యా రుణం, క్రెడిట్ కార్డు అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి ఇవి:

- షాపులో ఫోనో ఫ్రిజ్జో “వడ్డీ లేని ఈఎంఐ” మీద కొన్నప్పుడు మీ పేరున తెరిచిన రుణం
- యాప్‌లలో “ఇప్పుడు కొను, తర్వాత కట్టు” అనే పద్ధతి, దాని వెనుక తరచుగా ఒక ఫైనాన్స్ కంపెనీ రుణం ఉంటుంది
- బంగారు రుణం, ముఖ్యంగా వడ్డీ, అసలు కలిపి ఏడాది చివర కట్టే రకం
- మీరు జామీను ఉన్న ఇతరుల అప్పు, ఉమ్మడిగా సంతకం పెట్టిన అప్పు
- వాడకుండా బీరువాలో పడేసిన పాత కార్డు వార్షిక రుసుము

చివరి దాన్ని స్వానుభవంతో చెబుతున్నాను. ఏడాది పాటు ముట్టుకోని కార్డుకు కొన్ని వందల రూపాయల వార్షిక రుసుము పడింది, స్టేట్‌మెంటు నేను వాడటం మానేసిన మెయిలుకు వెళ్లింది. నేను రూపాయి కూడా ఖర్చు పెట్టని ఖాతాలో ఆలస్యం నమోదైందని రిపోర్టు చూసేదాకా తెలియలేదు. బకాయి ఎన్ని వందలు, ఎన్ని లక్షలు అన్నది ఆ గడిలో కనిపించదు, ఎన్ని రోజులు అన్నదే కనిపిస్తుంది.

మెట్టు 4: గడువు తేదీలను జీతం తేదీ తర్వాతకు జరపండి

జీతం ఒకటో తేదీన వస్తూ, కార్డు గడువు 27న ఉంటే ప్రతి నెలా చివరి వారంలో తడుముకోవలసి వస్తుంది. కార్డు బిల్లింగ్ చక్రాన్ని (ప్రతి నెలా బిల్లు తయారయ్యే తేదీల వరుసను) కనీసం ఒకసారి మార్చుకునే అవకాశం ఖాతాదారుకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. కస్టమర్ కేర్‌కు ఫోను చేసి, గడువు తేదీ 5 నుంచి 10 లోపు పడేలా మార్చమని అడగండి. ఈఎంఐ తేదీ మార్చడం అన్ని సంస్థలూ ఒప్పుకోవు, అడిగి చూడటంలో పోయేదేమీ లేదు. సంపాదన రోజువారీగానో, పంట చేతికొచ్చినప్పుడో ఉండేవారు చెల్లింపులకు విడిగా ఒక సేవింగ్స్ ఖాతా పెట్టుకొని, డబ్బు వచ్చిన రోజే రెండు మూడు నెలల వాయిదాలకు సరిపడా అందులో వేసి ముట్టుకోకుండా ఉంచడం దీనికి ప్రత్యామ్నాయం.

మెట్టు 5: ఆటోపే పెట్టండి, సరిగ్గా పెట్టండి

ఈఎంఐలకు ఖాతా నుంచి ఆటో డెబిట్ మామూలుగా ఉండనే ఉంటుంది. కార్డుకు మాత్రం మీరే పెట్టుకోవాలి. పెట్టేటప్పుడు “మొత్తం బకాయి”, “కనీస మొత్తం” అని రెండు ఎంపికలు కనిపిస్తాయి. మొత్తం బకాయినే ఎంచుకోండి.

కనీస మొత్తం కడితే గడువు తప్పనట్టే లెక్క, రిపోర్టులో ఆలస్యం పడదు, అది నిజమే. కానీ 20,000 రూపాయల బిల్లుకు 1,000 కట్టి ఊరుకుంటే మిగిలిన 19,000 మీద చాలా కార్డుల్లో నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడుతుంది, కొత్తగా కొనే వస్తువులకు కూడా వడ్డీ లేని రోజులు ఉండవు. బాకీ పేరుకొని కార్డు లిమిటు (వాడుకోగల గరిష్ఠ మొత్తం) నిండిపోతుంది, అప్పుడు స్కోరు మరో దారిలో దిగుతుంది.

ఆటోపే పెట్టాక కూడా ఈ నాలుగు సంగతులు చూసుకోవాలి.

ఒకటి, పెట్టిన నెలలోనే అది అమల్లోకి రాకపోవచ్చు కాబట్టి ఆ నెల బిల్లును చేత్తోనే కట్టండి. రెండు, ఆటోపేకు గరిష్ఠ పరిమితి ఉంటుంది, బిల్లు దాన్ని మించితే చెల్లింపు ఆగిపోతుంది. మూడు, డెబిట్ కార్డు ఆధారంగా పెట్టిన ఆటోపే ఆ కార్డు గడువు ముగిసినప్పుడో, జీతం ఖాతా మారినప్పుడో చప్పుడు లేకుండా తెగిపోతుంది. నాలుగు, సెలవు రోజును నమ్ముకోవద్దు. 2021 ఆగస్టు 1 నుంచి ఎన్‌ఏసీహెచ్ (బ్యాంకు ఖాతాల నుంచి వాయిదాలు వసూలు చేసే వ్యవస్థ) ఆటో డెబిట్లు ఆదివారాలు, బ్యాంకు సెలవు రోజుల్లో కూడా నడుస్తున్నాయి. ఈఎంఐ 5వ తేదీన ఉంటే డబ్బు 4వ తేదీ రాత్రికే ఖాతాలో ఉండాలి, తెల్లవారాక వేద్దామంటే ఆలస్యం కావచ్చు.

ఆటోపే మీద నమ్మకం లేనివారు ఫోనులో రెండు అలారాలు పెట్టుకోవచ్చు. మొదటిది స్టేట్‌మెంటు వచ్చిన రోజుకు, రెండోది గడువుకు అయిదు రోజుల ముందుకు. గడువు రోజుకే అలారం పెట్టడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే యాప్ ద్వారా కట్టిన డబ్బు కార్డు ఖాతాలో జమ కావడానికి ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది.

హెచ్చరిక: కార్డు బిల్లు గడువు దాటి మూడు రోజులకు మించి నిలిచిపోతేనే దాన్ని బకాయిగా క్రెడిట్ కంపెనీలకు తెలియజేయాలని, ఆలస్య రుసుము కూడా అప్పుడే వేయాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. ఇది ప్రమాదవశాత్తూ ఆలస్యమైనవారికి ఇచ్చిన వెసులుబాటు, గడువు పొడిగింపు కాదు. మూడు రోజులు దాటితే ఆలస్యాన్ని అసలు గడువు తేదీ నుంచే లెక్కిస్తారు. ఈఎంఐలకు ఈ వెసులుబాటు వర్తించదు.

మెట్టు 6: ఇంటి బిల్లును కార్డు మీదకు మళ్లించండి

ఇప్పుడు మొదట చెప్పిన పద్ధతికి వద్దాం. కరెంటు బిల్లు, ఇంటర్నెట్ బిల్లు వంటి తప్పనిసరి ఖర్చుల్లో ఒకటి రెండింటిని ఎంచుకొని క్రెడిట్ కార్డుతో చెల్లించే ఏర్పాటు చేసుకోండి. ఆ కార్డు బిల్లును ఆటోపే ద్వారా ప్రతి నెలా పూర్తిగా తీర్చండి. కరెంటు సంస్థ మీ గురించి ఎవరికీ ఏమీ పంపదు, కానీ కార్డు బ్యాంకు పంపుతుంది. కొత్తగా ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండానే మీ ఇంటి బిల్లు నెలకొక 000 గడిగా మారుతుంది. వడ్డీ కూడా ఉండదు.

షరతులు రెండే. ఆ కార్డును మరే కొనుగోలుకూ వాడకూడదు, వీలైతే దాన్ని పర్సులోంచి తీసేయండి. రెండోది, కరెంటు బిల్లుకు కార్డు వాడినందువల్ల ఖాతాలో మిగిలిన డబ్బును వేరే ఖర్చుకు మళ్లించకూడదు. ఈ రెండో షరతు పాటించలేమని అనిపిస్తే ఈ మెట్టును వదిలేయండి, మీ స్కోరుకు అదే మేలు. కార్డుతో చెల్లిస్తే అదనపు రుసుము తీసుకునే చోట్లు కూడా ఉంటాయి, ముందే చూసుకోండి. అద్దెను కార్డుతో కట్టడంలో ఈ రుసుము తరచుగా ఎక్కువ కాబట్టి నేను దాన్ని సిఫారసు చేయను.

మెట్టు 7: లిమిటులో 30 శాతం దాటకుండా చూసుకోండి

బిల్లు పూర్తిగా కడుతున్నా స్కోరు తగ్గిందని కొందరు వాపోతారు. వారి లిమిటు లక్ష, నెలకు 85,000 వాడతారు, గడువులోగా మొత్తం కట్టేస్తారు. కానీ బ్యాంకు వివరాలు పంపిన రోజున ఖాతాలో 85,000 బాకీ ఉంటే రిపోర్టులో కనిపించేది అదే. సాధారణంగా 30 శాతం, అంటే లక్షకు 30,000 దాటకుండా ఉంటే మంచిదని చెబుతారు. ఒక నెలలో పెద్ద ఖర్చు తప్పకపోతే స్టేట్‌మెంటు రాకముందే కొంత కట్టేయండి. మరో మార్గం, బ్యాంకు లిమిటు పెంచుతానంటే ఒప్పుకొని వాడకాన్ని పెంచకుండా ఉండటం, ఇది నిగ్రహం ఉన్నవారికి మాత్రమే.

మెట్టు 8: ఇప్పటిదాకా అప్పే చేయనివారు

ఏ అప్పూ చేయకపోవడం మంచి గుణమే అయినా, రిపోర్టులో మీ గురించి చెప్పడానికి ఏమీ ఉండదు. స్కోరు స్థానంలో ఎన్‌హెచ్ (చరిత్ర లేదని అర్థం) లేదా -1 కనిపిస్తుంది. మీ బ్యాంకులో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని హామీ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు తీసుకోవడం సులువైన మార్గం. దీనికి జీతం పత్రాలు సాధారణంగా అడగరు, డిపాజిట్ మీద వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది. ఆ కార్డు మీద ఆరో మెట్టు అమలు చేయండి. స్కోరు ఏర్పడటానికి సుమారు ఆరు నెలల చరిత్ర కావాలి. స్కోరు కోసమని అవసరం లేని వ్యక్తిగత రుణం తీసుకోవద్దు, వడ్డీ కట్టి స్కోరు కొనుక్కోనక్కరలేదు.

మెట్టు 9: డబ్బు చాలని నెలలో

ఏదో ఒక నెల వస్తుంది. అప్పుడు ముందుగా ఈఎంఐలను పూర్తిగా కట్టండి, ఎందుకంటే సగం వాయిదా కట్టినా బకాయి బకాయే. తర్వాత ప్రతి కార్డుకూ కనీస మొత్తం కట్టండి. మిగిలింది ఎక్కువ వడ్డీ ఉన్న కార్డుకు వేయండి. ఇది ఆ నెల గట్టెక్కడానికే, వరుసగా మూడు నెలలు ఇలాగే సాగితే సమస్య స్కోరుది కాదు, ఆదాయానిది. అప్పుడు గడువు దాటకముందే బ్యాంకుకు వెళ్లి వాయిదా తగ్గించి కాలం పెంచే వీలుందేమో అడగండి. ఈ మార్పు రిపోర్టులో కనిపించవచ్చు, అయినా వరుస ఎగవేతల కంటే నయం. అప్పు తీర్చడానికి యాప్‌లో అప్పు తీసుకోవడం మాత్రం వద్దు.

తరచుగా జరిగే పొరపాట్లు

అప్పు తీరగానే సంబరంలో పాత కార్డును రద్దు చేసుకోవడం మొదటిది. దానివల్ల మీ మొత్తం లిమిటు తగ్గి, వాడకం శాతం ఒక్కసారిగా పెరుగుతుంది. వార్షిక రుసుము లేని పాత కార్డును అట్టే పెట్టుకొని ఒక చిన్న బిల్లు దాని మీద నడపండి. ఏడాదికి మించి వాడని కార్డును మీకు తెలియజేసి మూసివేసే ప్రక్రియ బ్యాంకు మొదలుపెట్టవచ్చని కూడా గుర్తుంచుకోండి.

ఒక చోట దరఖాస్తు తిరస్కరిస్తే అదే వారంలో మరో అయిదు చోట్ల పెట్టడం రెండోది. ప్రతి దరఖాస్తూ ఒక ఎంక్వైరీగా నమోదై, డబ్బుకు చాలా ఇబ్బందిగా ఉన్న మనిషిలా మిమ్మల్ని చూపిస్తుంది. కొన్ని నెలలు ఆగి, తిరస్కరణకు కారణమేమిటో రిపోర్టులో చూసుకొని మళ్లీ వెళ్లండి.

మూడోది, కార్డు బిల్లులో ఒక లావాదేవీ మీది కాదని అలిగి మొత్తం బిల్లునే ఆపేయడం. ఆ లావాదేవీ మీద లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, నిర్వివాదమైన సొమ్మును గడువులోగా కట్టండి. ఇక జామీను సంతకం గురించి చెప్పాలంటే, అవతలివారు వాయిదా తప్పితే ఆ ఖాతా మీ రిపోర్టులోనూ ఉంటుంది కాబట్టి, సంతకం పెట్టినవారు కనీసం మూడు నెలలకొకసారి ఆ ఖాతా ఎలా నడుస్తోందో మొహమాటం లేకుండా అడగాలి.

డబ్బు తీసుకొని స్కోరు పెంచిపెడతామనే ఏజెంట్ల దగ్గరికి వెళ్లవద్దు. నిజమైన ఆలస్యాన్ని రిపోర్టులోంచి చెరిపే అధికారం ఎవరికీ లేదు, తప్పుగా పడినదాన్ని సరిచేయించుకోవడానికి మీరే ఉచితంగా దరఖాస్తు చేయవచ్చు. ఓటీపీ, పాన్ వివరాలు వారి చేతిలో పెడితే కొత్త అప్పు మీ పేరున లేచే ప్రమాదమూ ఉంది.

ఫలితాన్ని ఎలా సరిచూసుకోవాలి

2025 జనవరి 1 నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకొకసారి వివరాలను క్రెడిట్ కంపెనీలకు పంపాలి. ఆ తర్వాత నమోదుకు మరికొన్ని రోజులు పడుతుంది. కాబట్టి ఈ రోజు కట్టి రేపు స్కోరు చూడటం వృథా, నెల రోజులు ఆగి చూడండి. మొదటి మూడు నెలలు స్కోరును కాక మూడు సంగతులను చూడండి. కొత్త గడులన్నీ 000 అవుతున్నాయా? ఓవర్‌డ్యూ అన్న చోట సున్నా ఉందా? మూసిన ఖాతా “క్లోజ్డ్” అని, మూసిన తేదీతో సహా కనిపిస్తోందా? ఇవి సరిగా ఉంటే అంకె తన వేగంతో కదులుతుంది. ఎన్ని నెలల్లో ఎన్ని పాయింట్లు అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. నాలుగు కంపెనీల లెక్కింపు సూత్రాలు వేర్వేరు కాబట్టి, ఒకదాని స్కోరును మరొకదానితో పోల్చి కంగారు పడవద్దు, ఒకే కంపెనీ పాత స్కోరుతో కొత్త స్కోరును పోల్చండి.

మీ రిపోర్టును ఏదైనా సంస్థ తెప్పించుకున్నప్పుడు క్రెడిట్ కంపెనీ, మీ ఖాతాలో ఆలస్యాన్ని నమోదు చేయిస్తున్నప్పుడు బ్యాంకు మీకు ఎస్ఎంఎస్ గానీ మెయిలు గానీ పంపాలి. మీరు దరఖాస్తు పెట్టకుండానే అలాంటి సందేశం వస్తే అదే రోజు రిపోర్టు చూడండి.

రిపోర్టులో తప్పు కనిపిస్తే, దాని మీద ఉన్న కంట్రోల్ నంబరుతో ఆ కంపెనీ వెబ్‌సైటులో వివాదం నమోదు చేయండి, అదే సమయంలో బ్యాంకుకు కూడా రాయండి. క్రెడిట్ కంపెనీ బ్యాంకును అడగకుండా తనంతట తాను వివరం మార్చదు కాబట్టి రెండు చోట్లా రాస్తే పని త్వరగా అవుతుంది. చెల్లింపు రశీదు, ఆ తేదీ కనిపించే బ్యాంకు ఖాతా పేజీ, నో డ్యూస్ పత్రం జతచేయండి. ఫిర్యాదు నంబరు, పెట్టిన తేదీ రాసిపెట్టుకోవడం మరవద్దు, ఎందుకంటే 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి, ఆ లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే. పరిహారమూ రాక, సవరణా జరగకపోతే, ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ కంపెనీలు కూడా ఆ అంబుడ్స్‌మన్ పథకం పరిధిలోకి వచ్చాయి. సవరణ జరిగిందని సందేశం వచ్చాక మరో రిపోర్టు తెప్పించి, అదే గడిని మీ కళ్లతో చూసిన తర్వాతే ఆ కాగితాలను పక్కన పెట్టండి.